వెనక చేతులు

ఎముకల వార్డులో వసపిట్ట అని ఒక నర్సు ఉంది. అది కన్నవాళ్ళు పెట్టిన పేరు కాదని వేరే చెప్పక్కర్లేదు. నిద్రలో కూడా నోరు మూతపడదని వాళ్ళాయన ఎవరితోనో అంటే, వార్డంతా కలిసి ఖాయం చేసిన పేరు. మత్తు దిగని రోగితో మాట్లాడుతుంది, మత్తు దిగాక వద్దన్నా మాట్లాడుతుంది, ఎవరూ దొరక్కపోతే సెలైన్ సీసాతో అయినా మాట్లాడుతుంది. పని మాత్రం శుభ్రంగా చేస్తుంది కాబట్టి అందరూ సర్దుకుపోతారు.

ఆ పని ఆమెకి నేర్పింది పొడుగక్క. ఆ వార్డులో ఎవరూ ఒంటరిగా పని చెయ్యరు. తుంటి విరిగినవాళ్ళనీ, వెన్నుకి ఆపరేషన్ అయినవాళ్ళనీ పక్కకి తిప్పాలంటే మంచానికి అటొకరు, ఇటొకరు ఉండాల్సిందే. అందుకని నర్సుల్ని జోడీలుగా వేస్తారు. వసపిట్ట, పొడుగక్క ఒక జోడీ. ముందు నిలబడేది పొడుగక్క, వెనక నిలబడేది వసపిట్ట. రోగి ముందున్న మనిషి వైపు ఒరుగుతాడు, వెనకున్న మనిషి నడుమూ భుజమూ పట్టి తోస్తుంది. తిప్పేముందు ముందున్న మనిషి పైకే అడగాలి, "గొట్టం?" అని. వెనకున్న మనిషి మంచానికి తగిలించిన మూత్రం సంచీనీ, దాని గొట్టాన్నీ ఓసారి చూసుకుని పైకే జవాబివ్వాలి, "వదులే" అని. ఆ మాట చెవిన పడితేనే తిప్పడం. కొత్తలో వసపిట్ట ఓసారి చూడకుండానే "వదులే" అనేసింది. పొడుగక్క రోగి ముందు ఏమీ అనలేదు. బయటికి తీసుకెళ్ళి, "నీ నోట్లోంచి రోజంతా వచ్చే మాటల్లో నాకు కావలసింది ఇదొక్కటే. దీన్ని మాత్రం అబద్ధం చెయ్యకు" అంది. వసపిట్ట ఆ పూట భోజనాల దాకా కిక్కురుమనలేదు. ఆ సంగతి ఇప్పటికీ వార్డులో చెప్పుకుంటారు.

పొడుగక్క తాతలు ఎప్పుడో పని వెతుక్కుంటూ సముద్రం దాటి వచ్చారు. ఆమె పుట్టింది ఈ ఊళ్ళోనే, చదివింది ఈ ఊళ్ళోనే, పన్నులు కట్టేదీ ఇక్కడే. అయినా ఆ నల్లటి ఒళ్ళూ, ఉంగరాలు తిరిగిన జుట్టూ చూసి "మీదే దేశం?" అని అడిగేవాళ్ళకి లోటు లేదు. అడిగి ఊరుకున్నవాళ్ళు మంచివాళ్ళ కింద లెక్క. కొందరు ఆమె ముట్టుకున్న చోటు దుప్పటితో తుడుచుకునేవాళ్ళు. కొందరు "చేతులు కడుక్కున్నావా?" అని నర్సులందరిలోకీ ఆమెనొక్కదాన్నే అడిగేవాళ్ళు. ఒకాయన మందుబిళ్ళ ఆమె చేతిలోంచి తీసుకోడు, బల్ల మీద పెట్టమంటాడు. తొలిరోజుల్లో ఆమె ఎదురు చెప్పేదట. తర్వాత నవ్వేసేదట. వసపిట్ట వచ్చేనాటికి ఆ రెండూ మానేసింది. "సరేనండి" అని, చేతులు కడుక్కుని, పక్క మంచానికి వెళ్ళిపోయేది.

ఆమె వెళ్ళిపోతే ఆ మంచం దగ్గరికి మరొకరు రావాలి కదా. దానికి వార్డులో ఒక పద్ధతి ఉంది. దాని పేరు మార్పిడి. వార్డుకి పెద్ద దిక్కయిన పెద్ద సిస్టర్ ఎక్కడా రాయదు, ఎవరికీ కారణం చెప్పదు. "నువ్వటు, నువ్విటు" అని చేత్తో సైగ చేస్తుంది, అంతే. గొడవెందుకు, నయమైతే వాళ్ళే పోతారు అన్నది ఆమె లెక్క. మనిషి చెడ్డది కాదు. కాకపోతే ఆ సైగ ఎప్పుడూ ఒకే వైపుకి నడిచేది. పచ్చటి ఛాయతో పుట్టిన పాపానికి వార్డులో నోటి దురుసు ఉన్నవాళ్ళంతా ఏరికోరి తెచ్చినట్టు వసపిట్ట వాటాకే వచ్చి పడేవాళ్ళు. వాళ్ళు ఆమెని బంగారు తల్లీ అని దీవించేవాళ్ళు. అలాంటివాళ్ళ దీవెనలతో ఏం చేసుకోవాలో ఆమెకి తెలిసేది కాదు.

ఆ మధ్య కింది అంతస్తులో రక్తం తీసే గదిలో ఒక ఖాళీ వచ్చింది. అడిగితే పొడుగక్కకి ఇచ్చేలాగే ఉన్నారు.

"అక్కడికొచ్చే జనం చెయ్యి చాపుతారు, రక్తం ఇస్తారు, పోతారు" అంది ఆమె ఓ రోజు దుప్పట్ల గదిలో. "నా మొహం చూసి మూతి ముడిచేంత తీరిక కూడా ఉండదు."

"అంటే వెళ్ళిపోతావా అక్కా?"

"ఇంకా ఏమీ అనుకోలేదు."

ఆమె లేకుండా ఈ వార్డులో ఒక పూట గడపడం ఎలాగో వసపిట్ట ఊహకి అందలేదు. పని సంగతి సరే, పొద్దస్తమానం తను వాగే వాగుడంతా విసుక్కోకుండా వినే మనిషి లోకంలో ఆ ఒక్కతే. వాళ్ళాయన కూడా సగంలో నిద్రపోతాడు.

సరిగ్గా అప్పుడే వచ్చింది పంతులమ్మ.

పంతులమ్మ బళ్ళో పాఠాలు చెప్పి, పదవీ విరమణ చేసిన మనిషి. స్నానాల గదిలో జారిపడి తుంటి విరిగితే కొత్త కీలు వేశారు. కిటికీ పక్క చివరి మంచం ఇచ్చారు. మహా నెమ్మదస్తురాలు. మంచినీళ్ళు అడిగినా ముందొక "ఏమీ అనుకోకు", తర్వాత ఒక "చల్లగా ఉండు" లేకుండా అడగదు. వార్డులో ఆయా పేరూ, ఆమె మనవల పేర్లూ మొదటి పూటే కనుక్కుంది. అలాంటావిడ, పొడుగక్క ముందుకొచ్చి "నా వైపు తిరుగుదామండీ" అనేసరికి మొహం వసపిట్ట వైపు తిప్పేసుకుంది. తరగతిలో చివరి వరసకి కూడా వినపడే గొంతుతో చెప్పింది.

"అమ్మాయ్, ఆవిణ్ణి వెళ్ళమని చెప్పు. తప్పుగా అనుకోవద్దు. వాళ్ళ చెయ్యి పడితే నాకు ఒళ్ళు జలదరిస్తుంది. చిన్నప్పట్నుంచీ అంతే. మనవాళ్ళు ఎవరైనా ఉంటే పిలువు, తల్లీ."

పొడుగక్క "సరేనండి" అంది. చేతులు కడుక్కోవడానికి వెళ్ళింది.

బూతులు తిట్టే రోగితో ఒక సుఖం ఉంది. పైకి అనకపోయినా మనసులో వాడి ఏడు తరాల్నీ తిట్టుకోవచ్చు. ఇలా మెత్తగా, బతిమాలినట్టు అనేవాళ్ళతోనే వచ్చిన చిక్కంతా. వాళ్ళ ముందు కోపం తెచ్చుకుంటే మనమే మర్యాద తెలియనివాళ్ళం అయిపోతాం. వసపిట్టకి కోపం వచ్చింది. వచ్చిన కోపాన్ని ఏం చెయ్యాలో తెలియలేదు.

పెద్ద సిస్టర్ చెయ్యి ఎత్తనే ఎత్తింది. "పంతులమ్మ ఇంటికెళ్ళేదాకా నువ్వు అటు వరసకి వెళ్ళు" అని పొడుగక్కతో అంది. "అటునుంచి కొత్తమ్మాయి ఇటొచ్చి దీనికి జోడీగా ఉంటుంది."

అటు వరసకి వెళ్తే అక్కణ్ణుంచి కింది గదికి ఎంతో దూరం లేదు. ఈమాటు అక్క మళ్ళీ వెనక్కి రాదని వసపిట్టకి ఖాయంగా అనిపించింది. "ఒక్క పూట ఆగండి పెద్ద సిస్టర్, నేను చూసుకుంటా" అని బతిమాలింది. అప్పటికే ఆమె బుర్రలో ఒక ఉపాయం మెదిలింది. దుప్పట్ల గదిలోకి పొడుగక్కని లాక్కెళ్ళి గుసగుసగా విప్పింది.

"నువ్వు వెనక్కి రా అక్కా. ముందు నేనుంటా. ఆవిణ్ణి నా వైపు చూసి కళ్ళు మూసుకోమంటా, ఊపిరి గట్టిగా పీల్చమంటా. అప్పుడు నువ్వు తెర పక్కనుంచి లోపలికొచ్చెయ్. తిరిగాక నీ వైపుండేది ఆవిడ వీపే కదా. వీపుకి కళ్ళుంటాయా? నువ్వు మాత్రం నోరు విప్పకు. గొంతు గుర్తుపడుతుంది."

దుప్పటి మడత పెడుతున్న పొడుగక్క ఆగింది. "మనం రోగిని తిప్పుతున్నామా, దొంగతనానికి వెళ్తున్నామా?"

"వేళాకోళం కాదక్కా. లేకపోతే నిన్ను అటు పంపేస్తారు."

పొడుగక్క ఆమె మొహంలోకి చూసింది. దుప్పటి మడత పూర్తి చేసింది. "సరే" అంది. అందులో 'అండి' లేదు కాబట్టి వసపిట్ట దాన్ని సంతోషం కింద జమ కట్టుకుంది.

ఉపాయం దివ్యంగా పారింది. పంతులమ్మ కళ్ళు మూసుకుంది, పొడుగక్క పిల్లిలా వచ్చింది, నడుమూ భుజమూ పట్టి ఒడుపుగా తోసింది. వీపు తుడిచి, పౌడరు రాసి, కాళ్ళ మధ్య దిండు పెట్టి, వచ్చినట్టే వెళ్ళింది.

"వెనక ఉన్నదెవరమ్మా?" అని అడిగింది పంతులమ్మ.

"మా మనిషేనండి."

"మీ మనిషైతే సరే. చెయ్యి ఎంత హాయిగా పడుతోందో."

వసపిట్ట నవ్వు ఆపుకోలేక చచ్చింది. తెర బయటికొస్తూనే టీ గదికి పరుగెత్తింది. పంతులమ్మ గొంతూ తనదే, పొడుగక్క నడకా తనదే, అభినయించి మరీ చూపించింది. "ఒళ్ళు జలదరించలేదట! హాయిగా ఉందట!" అని ఆమె అనేసరికి ఆయాకి టీ పొలమారింది. పెద్ద సిస్టర్ కూడా కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకుంది. కాసేపటికి పొడుగక్క వచ్చింది. అందరూ ఆమెని చూసి మళ్ళీ నవ్వారు. ఆమె కూడా నవ్వి, గ్లాసు కడుక్కుని, టీ పోసుకుంది. వసపిట్టకి ఏనుగెక్కినంత సంబరం. ఆ మూర్ఖపు మనిషిని బురిడీ కొట్టించింది, అక్కని తన దగ్గరే ఉంచుకుంది. ఇంతకన్నా తెలివైన నర్సు ఎక్కడైనా ఉందా?

ఆ తెలివిలో ఒక కంత ఉంది. "గొట్టం?" అని అడిగితే వెనకనుంచి జవాబు రావాలి. జవాబిచ్చే నోటికి తనే తాళం వేసింది. మొదటి పూట అడగబోయి నాలుక కరుచుకుంది. రెండోసారి కళ్ళతోనే అడిగింది, పొడుగక్క కళ్ళతోనే చెప్పింది. తర్వాత్తర్వాత పంతులమ్మతో కబుర్లలో పడి ఆ కళ్ళ సైగ కూడా ఎప్పుడు పోయిందో ఆమెకే తెలియదు. పంతులమ్మ కబుర్లు బాగుండేవి. పిల్లల అల్లరి గురించి చెబుతుంటే వసపిట్ట కూడా తన చిన్నప్పటి సంగతులు చెప్పేది. ముందువైపు నవ్వులూ, వెనకవైపు మౌనంగా రెండు చేతులూ. అలా అలవాటైపోయింది.

ఓ మధ్యాహ్నం చుట్టాలు వెళ్ళాక దుప్పటి మార్చడానికి వెళ్ళారు. అంతకుముందే ఆయా మూత్రం సంచీ ఖాళీ చేసి, పొరపాటున ముందువైపుకి బదులు వెనకవైపు కమ్మీకి తగిలించింది. వసపిట్ట పంతులమ్మ చెబుతున్న ఏదో కథకి "ఊఁ, ఊఁ" అంటూనే "ఇటు రండి" అని లాగింది. ఆవిడ సగం ఒరిగింది. గొట్టం తీగలా బిగుసుకుంది. పొడుగక్క చూసింది. "ఆగు" అంటే చాలు, అంతా ఆగిపోయేది. నోరు తెరిచింది, మూసేసింది. ఒక చెయ్యి ఆవిడ నడుం కిందే ఉంచి, రెండో చేత్తో వంగి సంచీ కొక్కెం విప్పింది. గొట్టం లాగినందుకు పంతులమ్మ "అబ్బా" అని ఉలిక్కిపడి వెనక్కి విరుచుకుంది. ఆవిడ బరువంతా నడుం కింద ఉన్న చేతి మీద పడింది. మణికట్టు కమ్మీకీ, మంచానికీ మధ్య నలిగింది.

పొడుగక్క చప్పుడు చెయ్యలేదు. మిగిలిన చేత్తో ఆవిణ్ణి ఒరిగించి, దిండు పెట్టి, తెర తప్పించుకుని బయటికెళ్ళింది. వసపిట్టకి ఏం జరిగిందో తెలియనే లేదు. దుప్పటి మూట పట్టుకుని వచ్చేసరికి పొడుగక్క నడవాలో బల్ల మీద కూర్చుని ఉంది. మొహమంతా చెమట. కుడి మణికట్టు అప్పుడే వాచిపోయింది.

"అయ్యో! ఆగమని అనొచ్చు కదక్కా!"

"నోరు విప్పొద్దన్నావుగా."

దెప్పుతున్నట్టు అనలేదు. అడిగినదానికి జవాబు చెప్పింది, అంతే. వసపిట్టకి ఆ మాట దెప్పుకన్నా గట్టిగా తగిలింది.

ఎక్స్‌రే తీస్తే మణికట్టులో చిన్న ఎముక చిట్లింది. కట్టు కట్టారు. ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కుతుందని పొడుగక్క మర్నాడే వచ్చింది, పెద్ద సిస్టర్ మందుల బల్ల దగ్గర బరువు లేని పని ఇచ్చింది. బిళ్ళలు ఎడమ చేత్తో చిన్న గిన్నెల్లో వేస్తూ, తల ఎత్తకుండానే ఆమె వసపిట్టతో చెప్పింది. "కింది గదికి అడిగాను. ఒప్పుకున్నారు. వచ్చే వారం నుంచి."

వసపిట్ట సరాసరి చివరి మంచం దగ్గరికి నడిచింది. ఏం చెప్పాలో రాత్రంతా పేర్చుకుంది. నిజం చెప్పేస్తే ఆవిడ సిగ్గుతో చితికిపోవాలి. ఇన్నాళ్ళూ హాయిగా ఉందన్న చేతులు ఎవరివో తెలిసి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అల్లాడాలి. అది కళ్ళారా చూడాలని ఉంది.

"పంతులమ్మగారూ, మీతో ఒకటి చెప్పాలి. మిమ్మల్ని వెనక నిలబడి తిప్పింది ఎవరో తెలుసా? మీరు వద్దన్న మా అక్కే. మొదటి రోజు నుంచీ ఆమే."

పంతులమ్మ కళ్ళద్దాలు తీసి చెంగుతో తుడుచుకుంది. "తెలుసు" అంది.

"ఏం తెలుసు?"

"ఆవిడేనని. మొదటి రోజే తెలుసు."

వసపిట్ట నోరు వెళ్ళబెట్టింది. "తెలిసీ ఏమీ అనలేదే?"

"అనడానికేముంది? కంటికి కనపడలేదు, గొంతు వినపడలేదు. నేనడిగిందీ అదే కదా. పని పనిలా జరిగిపోయింది. ఎవరి మనసూ నొప్పించకుండా ఎంత ఒద్దికగా సర్దావో అని మా కోడలితో కూడా అన్నాను. మా బళ్ళోనూ అంతేనమ్మా. వాళ్ళ పిల్లల్ని ఆఖరి వరసలో కూర్చోబెట్టేవాళ్ళం. ఎవరికీ ఇబ్బంది ఉండేది కాదు."

"నిన్న మిమ్మల్ని తిప్పుతుంటే ఆమె చెయ్యి విరిగిందండీ."

"అయ్యో పాపం. కాస్త చూసుకోవద్దూ?" అంది పంతులమ్మ. ఆ జాలిలో అబద్ధం లేదు. "మరి ఇకమీదట వెనక ఎవరొస్తారు తల్లీ?"

వసపిట్టకి అరికాలి మంట నెత్తికెక్కింది. అయితే ఆ మంట ఆవిడ మీద సగమే. మిగతా సగం తన మీద. తను బురిడీ కొట్టించాననుకున్న మనిషి తనని మెచ్చుకుంటోంది. ఆవిడ కోరిందేదో దానికి పదింతలు చేసి పెట్టింది తను. పెద్ద సిస్టర్ అక్కని పక్క వరసకి పంపేది, అంతే. తను ఆమెకి నోరు లేకుండా, మొహం లేకుండా చేసింది. ఇలా చెయ్యమని ఏ రోగీ ఇంతవరకూ అడగలేదు.

పెద్ద సిస్టర్ గదిలోకి వెళ్ళి తలుపు మూసింది.

"ఇకనుంచి నా మీదికి మార్పిడి వద్దు పెద్ద సిస్టర్. పంతులమ్మ ఒక్కతే కాదు. రంగు చూసి వద్దన్నవాళ్ళ దగ్గరికి నా రంగు బాగుందని నేను వెళ్ళను."

"వాళ్ళు గోల చేస్తే?"

"చెయ్యనివ్వండి."

"పైకి ఫిర్యాదు చేస్తే?"

"నా పేరే చెప్పండి."

పెద్ద సిస్టర్ మొహం చిన్నబోయింది. "నేనేమైనా సరదాకి చేస్తున్నానంటావా? మీరు మాటలు పడకూడదనే కదా."

"తెలుసండీ. నేనూ అక్క కోసమే చేశాను. చేసి చెయ్యి విరగ్గొట్టాను."

పెద్ద సిస్టర్ ఫోను తీసి ఎముకల డాక్టర్ని పిలిచింది. ఆ డాక్టరు ఎప్పుడూ హడావిడి మనిషి, రోగితో కూర్చుని మాట్లాడింది ఎవరూ చూడలేదు. ఆ పూట మాత్రం విషయం విని, కుర్చీ లాక్కుని పంతులమ్మ మంచం పక్కన కూర్చున్నాడు.

"అమ్మా, ఆ పూట ఏ నర్సు ఉంటే ఆ నర్సే మిమ్మల్ని చూస్తుంది. మనిషిని ఎంచుకోవడం ఇక్కడ కుదరదు. వద్దనే హక్కు మీకుంది, బలవంతం చెయ్యం. కదలకుండా పడుకుంటే వీపు ఒరుసుకుని పుండ్లు పడతాయి. అది చెప్పడం నా బాధ్యత."

"అయితే వద్దు బాబూ" అంది పంతులమ్మ అదే మెత్తటి గొంతుతో. డాక్టరు "సరేనమ్మా. మనసు మారితే గంట కొట్టండి" అని వెళ్ళిపోయాడు.

వసపిట్ట మందుల బల్ల దగ్గరికి ఉరుకులు పరుగుల మీద వచ్చింది. జరిగిందంతా ఊపిరి తిప్పుకోకుండా చెప్పింది. మార్పిడి పోయిందంది. డాక్టరు కుర్చీ వేసుకున్నాడంది. ఆ తర్వాత గొంతు తగ్గించి, "ఆవిడకి మొదట్నుంచీ తెలుసటక్కా" అంది.

"నాకూ తెలుసు" అంది పొడుగక్క.

"ఏం తెలుసు?"

"ఆవిడకి తెలుసని. కిటికీ పక్క గోడకి టీవీ ఉంది చూడు. ఎప్పుడూ కట్టేసే ఉంటుంది. ఆ నల్ల అద్దంలో మంచం వెనకున్న మనిషి నిలువునా కనపడుతుంది. మొదటి పూటే అందులో నన్ను చూసింది. నేనూ చూశాను. కళ్ళు కలిశాయి. ఆవిడ చూపు తిప్పేసుకుంది, నేను దిండు సర్దాను."

అంటే ఆ మంచం చుట్టూ మోసపోయిన మనిషి ఒక్కతే. మోసం చేశానని ఎగిరిన మనిషి.

"మరి నాతో ఎందుకు చెప్పలేదక్కా?"

"అప్పటికే నువ్వు టీ గదికి పరుగెత్తావు."

పొడుగక్క గిన్నెలు పక్కకి జరిపింది.

"వచ్చేసరికి అందరూ నవ్వుతున్నారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే ఏం బాగుంటుంది? ఆవిడ మొహం తిప్పుకోవడం నాకు కొత్త కాదే. నేను దాక్కున్న ముచ్చట నావాళ్ళు అభినయించి చూపించడం కొత్త. రోజూ ఇంటికెళ్ళగానే మా అమ్మాయి అడుగుతుంది, ఇవాళ ఏం చేశావమ్మా అని. అన్నీ చెప్తాను దానికి. ఈసారి చెప్పలేకపోయాను." ఆమె చేతి కట్టు సర్దుకుంది. మళ్ళీ అంది, "ఇప్పుడు కూడా అంతే. మార్పిడి తీసేయించావు, మంచి పని చేశావు. నన్నొక్కసారి అడిగావా?"

అడగలేదు. మొదటిసారీ అడగలేదు, ఇప్పుడూ అడగలేదు. వసపిట్టకి ఏడుపొచ్చింది. నడవాలో జనం తిరుగుతున్నా ఆపుకోలేకపోయింది. "తప్పైపోయిందక్కా. వెళ్ళకు" అంది.

"వెళ్తాను. పంతులమ్మల కోసం కాదు. నాకు కొన్నాళ్ళు వెనకా ముందూ ఎవరూ లేకుండా పని చేసుకోవాలనుంది." పొడుగక్క ఎడమ చేత్తో ఆమె బుగ్గ తుడిచింది. "ఏడవకు, నీకసలే ముక్కు ఎర్రబడుతుంది."

వసపిట్ట ముక్కు చీదుకుని, చాలా ఆలస్యంగానే అయినా, అడిగింది. "ఇప్పుడేం చేద్దామంటావ్?"

"ఆవిడ గంట కొట్టాక చూద్దాం."

మధ్యాహ్నం భోజనాలయ్యాక కొట్టింది. వీపు మంటెత్తుతోందనీ, ఇక పడుకోలేకపోతున్నాననీ చెప్పింది. "ఎవరైనా సరే, కాస్త తిప్పండమ్మా" అంది, ఆ 'ఎవరైనా' దగ్గర గొంతు నలిగినా. పొడుగక్క మందుల బల్ల దగ్గర్నుంచి లేచింది. "ముందు నిలబడ్డానికి రెండు చేతులు అక్కర్లేదు. వెనక నువ్వూ ఆయా ఉండండి" అంది.

తెర తీసుకుని అందరికంటే ముందు ఆమే లోపలికి వెళ్ళింది. కిటికీ వైపుకి నడిచి, మంచం పక్కన నిలబడి, తను ఎవరో, ఏం చెయ్యబోతోందో రోగులందరికీ చెప్పినట్టే చెప్పింది. పంతులమ్మ తల తిప్పి వెతుక్కుంది. "అమ్మాయ్, నువ్విటు రావూ?"

"నేనిక్కడే ఉన్నానండి. ముందుండేది అక్క" అంది వసపిట్ట వెనకనుంచి.

పొడుగక్క గొట్టం సంగతి అడిగింది, వసపిట్ట వంగి చూసి జవాబిచ్చింది. "నా వైపు తిరగండి" అని పొడుగక్క కట్టు లేని చెయ్యి ఆవిడ భుజం మీద వేసింది. పంతులమ్మ కళ్ళు గట్టిగా మూసుకుంది. పళ్ళు బిగబట్టుకుని ఒరిగింది. తిరగడం మాత్రం తిరిగింది. వీపు ఎర్రగా కమిలి ఉంది, ఇంకో పూట ఆగితే తోలు ఊడేది. ఆయా తడిబట్ట అందించింది. వసపిట్ట తుడుస్తూ ఉంటే పొడుగక్క "నొప్పి ఎక్కడుందండీ? ఇక్కడా?" అని మామూలుగా అడుగుతోంది. ఆవిడ కళ్ళు తెరవకుండానే "ఊఁ" అంటోంది.

పని అయ్యేవేళకి పంతులమ్మ కళ్ళు తెరిచింది. ఎదురుగా ఉన్న మొహాన్ని దాటించి, చూపు పైకి గోడ మీదికి పంపింది. వసపిట్ట కూడా తల ఎత్తి అటే చూసింది. నల్లటి టీవీ అద్దంలో మంచం, తెర, తను, అన్నీ నిలువునా కనపడుతున్నాయి. అక్క ఇన్నాళ్ళూ నిలబడిన చోటు ఇదే. ఇక్కణ్ణుంచి చూస్తే దాక్కోవడానికి చోటే లేదు.

పంతులమ్మ ఆ అద్దంలో వసపిట్టని చూసి, తల్లీ అన్నట్టు చల్లగా నవ్వింది.

వసపిట్ట తిరిగి నవ్వలేదు. కాళ్ళ మధ్య దిండు సర్దాల్సిన పని ఇంకా మిగిలే ఉంది. తల వంచుకుని సర్దింది.